గాలి అందని బండి

దానయ్య కారు మాట ఎవరైనా ఎత్తితే ఇప్పటికీ నాకు ముందు కోపమే వస్తుంది. మిగతావన్నీ ఆ తర్వాతే.

నేను పర్చూరులో ట్రాక్టర్ల మెకానిక్కుని. దానయ్య మిషన్ ఆసుపత్రిలో డ్రైవరు. అక్కడి దొరసాని డాక్టరు ఆసుపత్రి మూసేసి తన దేశం వెళ్లిపోతూ, ఇన్నాళ్లూ నడిపినవాడివి నువ్వే ఉంచుకోమని కారు అతనికిచ్చేసింది. ఫారిన్ డీజిలు బండి. పాతదే అయినా దాని ఇంజనుకి టర్బో ఉంది. ఇంజను వదిలే పొగ అందులో ఒక చక్రాన్ని తిప్పుతుంది, ఆ ఊపుకి బయటి గాలి బలవంతంగా ఇంజనులోకి వెళుతుంది. గాలి ఎక్కువైతే బలం ఎక్కువ. మా చుట్టుపక్కల అలాంటి బండి మరొకటి లేదు కాబట్టి, దానికేమైనా అయితే నేనే దిక్కు.

ఎనభై ఏడులో, మిరపకాయలు కళ్లాల్లో ఎండుతున్న రోజుల్లో, దానయ్య మా షెడ్డుకొచ్చి గుమ్మంలోనే నిలబడ్డాడు.

"ఒరేయ్ బుడానూ, బండి లాగట్లారా. ఖాళీగా బాగానే పోతంది. మనుషులెక్కితే నల్లగా పొగ తోలి చతికిలబడతంది."

"ముసలి బండి. వాడకం తగ్గించు," అన్నాను.

"దేవికి నెలలు నిండాయిరా."

వెంటనే పానాలు సంచిలో వేసుకున్నాను. దేవకుమారి దానయ్యకి ఒక్కతే కూతురు. తొలి కాన్పుకి అత్తవారింట్లో ఉంది. అక్కణ్ణుంచి గుంటూరు చేరేసరికి ఆలస్యమై బిడ్డ దక్కలేదు. ఈసారి పుట్టింటికొచ్చింది. నొప్పులు మొదలవగానే తీసుకురావాలని, మళ్లీ ఆలస్యమైతే తల్లి కూడా దక్కదని గుంటూరు బ్రాడీపేట డాక్టరమ్మ ముందే చెప్పేసింది. ఆ వేళకి బస్సుంటుందో ఉండదో ఎవరికి తెలుసు? అద్దె కారు కావాలంటే చీరాల నుంచి రావాలి. దగ్గరుండి చూసుకోవాల్సిన ఎలీసమ్మ, దానయ్య భార్య, కామెర్లొచ్చి చనిపోయి రెండేళ్లయింది. ఆ ఇంటికున్న ధైర్యమల్లా వాకిట్లో కారే.

అక్కడే పని పెట్టుకున్నాను. తాళం తిప్పగానే ఇంజను అందుకుంది. ఎవరో డీజిలు పంపు విప్పాలన్నారట. నేనొప్పుకోలేదు. నల్లపొగ వస్తోందంటే డీజిలుకి లోటు లేదు, దాన్ని కాల్చడానికి గాలే చాలడం లేదు. టర్బో నుంచి ఇంజనుకి వెళ్లే రబ్బరు గొట్టాన్ని పిడికిట్లో పట్టుకుని, యాక్సిలరేటరు తొక్కమన్నాను. గాలి తోస్తే గొట్టం గట్టిపడాలి. మెత్తగానే ఉంది. అతుకుల మీద సబ్బునీళ్లు పోశాను. ఎక్కడా బుడగ లేవలేదు. ఇంజను ఆపి, చల్లారాక, గాలి లోపలికొచ్చే వైపు గొట్టం ఊడదీసి టర్బో చక్రాన్ని వేలితో తిప్పాను. సాఫీగా తిరిగింది.

"గాలి ఫిల్టరు మార్చావా?"

"పోయిన నెలే కొత్తదేశా."

తీసి చూశాను. నిజమే, మడత నలగని కొత్తది.

ఎండ నెత్తికెక్కింది, దాంతోపాటు కోపమూ. అన్నీ బాగుంటే ఈ బండికి వచ్చిన రోగమేంటి? దేవి మజ్జిగ తెచ్చింది. నడుం మీద చెయ్యేసుకుని, ఒక్కో అడుగూ చూసుకుంటూ వచ్చింది.

"దొరికిందా బాబాయ్?"

గ్లాసు ఖాళీ చేసి తిరిగిచ్చేశాను.

ఆ తర్వాత ఒక పిచ్చి పని చేశాను. ఊడదీసిన గొట్టం పెట్టకుండా, చెత్త లోపలికి పోకుండా వాళ్ల టీ వడకట్టే జాలీని టర్బో నోటికి తీగతో కట్టి, వెనక బియ్యం బస్తాలేయించి, కారుని కాలవ కట్ట ఎక్కించమన్నాను. ఒక్క ఊపున ఎక్కేసింది. పొగ లేదు. నేను ఎగిరి గంతేసినంత పని చేశాను. దానయ్య మాత్రం స్టీరింగు పట్టుకుని ముందుకే చూస్తున్నాడు.

"గాలొచ్చే దారిలోనే ఉందిరా రోగం. ఫిల్టరుకి ముందే ఎక్కడో మూసుకుపోయింది," అన్నాను.

ఇంటికి రాగానే కారు ముందు చతికిలబడి, లైటు పక్కన, ఇంజను గాలి పీల్చుకునే గొట్టం మూతిని చూశాను. దానికొక గుడ్డ కుట్టి ఉంది.

మా వైపు అది మామూలే. కళ్లాల కారం దుమ్ము, పత్తి నూగు ఇంజనులోకి పోకుండా ట్రాక్టర్ల గాలి మూతికి పాత చీర ముక్క కడతారు. కూలికెళ్లిన చోట అది చూసొచ్చి, ఎలీసమ్మ తమ కారుకీ పెట్టింది. ఊరికే కట్టడం కాదు, చుట్టూ తీగ పెట్టి సూదీదారంతో కుట్టేది. ఏటా మిరపకాయ కోతలకి ముందు పాతది కోసేసి కొత్తది కుట్టేది. ఆమె పోయాక దాన్నెవరూ ముట్టుకోలేదు. దుమ్మూ నూగూ మంచూ పట్టి పిడకలా గట్టిపడింది. ఖాళీ బండికి ఆ సందుల్లోంచి వచ్చే గాలి సరిపోతోంది. బరువు పడితే టర్బో ఎంత లాగినా రావడం లేదు.

"రోజూ బండి కడిగేవాడివి. ఇది నీకు కనపళ్లేదా?"

"బట్టేగదా అనుకున్నా. అదేంజేస్తదిలే అనుకున్నా." దానయ్య గొంతు తగ్గింది. "అది దాని చేతి కుట్టురా. కళ్లు పచ్చగా అయిపోయి, నిలబడే ఓపిక లేకపోయినా ఇక్కడ కూకుని కుట్టింది. తియ్యమాకరా. ఇంకేదన్నా దారుంటే చూడు."

నోటికొచ్చినట్టు తిట్టాను. కూతురి ప్రాణం కంటే గుడ్డముక్క ఎక్కువైందా అని కూడా అన్నాను. దానయ్య వచ్చి మూతికి చెయ్యి అడ్డం పెట్టాడు. అతన్ని పక్కకి నెట్టడం నాకొక లెక్క కాదు. కానీ ఆ వేళ్లు కుట్ల మీదే ఉన్నాయి. సంచిలోంచి తీసిన బ్లేడు పట్టుకుని నేనూ అలాగే ఉండిపోయాను.

మా అరుపులకి దేవి బయటికొచ్చింది. తండ్రి చెయ్యి ఎక్కడుందో చూసింది. ఆ గుడ్డ కుట్టిన రోజు తల్లికి దారం ఎక్కించి ఇచ్చింది తనే కాబట్టి ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేకపోయింది. కింద కూర్చోలేక బానెట్టు పట్టుకుని వంగింది. తండ్రి చేతిని మెల్లగా తీసి తన భుజం మీద వేసుకుంది. నా దగ్గర బ్లేడు తీసుకుని కుట్లు ఒక్కొక్కటే కోసింది.

"అమ్మే ఉంటే ఇది ఎప్పుడో మార్చేది నాన్నా," అంది.

దానయ్య కూతురి భుజం పట్టుకుని భోరుమన్నాడు. ఎలీసమ్మని మట్టి చేసిన రోజు కూడా అతను అలా ఏడవలేదు. నాకూ దుఃఖం ఆగలేదు. అన్న మాటలు వెనక్కి తీసుకునే వీలుంటే బాగుండుననిపించింది.

ఆ గుడ్డని దానయ్య బోరింగు దగ్గరికి తీసుకెళ్లి ఉతికాడు. నల్లటి నీళ్లు పోయాక ఎర్రటి నీళ్లొచ్చాయి. చాలాసేపటికి నీలం రంగు బయటపడింది. ఈలోగా దేవి తల్లి పెట్టె తెరిచి, ఇంకో చీర చెంగు కోసి, మూతికి పలచగా కుట్టేసింది.

ఆ వారంలోనే, చర్చిలో ఆరాధన జరుగుతుండగా దేవికి నొప్పులొచ్చాయి. నేనూ కారెక్కాను. చిలకలూరిపేట దాటేదాకా అందరం ఇంజను చప్పుడే వింటూ కూర్చున్నాం. బండి ఎక్కడా తగ్గలేదు. డాక్టరమ్మ ఆపరేషను చేసి ఆడపిల్లను తీసింది. తల్లీ పిల్లా దక్కారు.

మరుసటి ఏడు మిరపకాయ కోతలకి ముందు, దానయ్య నన్ను కబురంపి పిలిపించాడు. మనవరాలు అరుగు మీద ఆడుకుంటోంది. అతను సూదీ దారం, ఎలీసమ్మ చీర ముక్క పక్కన పెట్టుకుని కారు ముందు కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి బ్లేడు కోసం చెయ్యి చాచాడు.