నాలుగు చక్రాల చుట్టుకొలత

“టైరు మార్పించి కారు తాళాలు మా తమ్ముడికి ఇచ్చెయ్. సోమవారం నుంచి బస్సులో వెళ్దువుగాని,” అన్నాడు భర్త, చొక్కా గుండీలు పెట్టుకుంటూ.

ఆమె అప్పటికి మంచం కింద తల దూర్చి అతని రెండో మేజోడు వెతుకుతోంది. దొరికింది. దొరికాక కూడా కాసేపు ఆ చీకట్లోనే ఉండిపోయింది.

బస్సు కొండ కింది దాకానే వెళ్తుంది, అదీ పదింటికి. ఆమె నర్సుగా పనిచేసే ఆస్పత్రి కొండ మీద ఉంది. డ్యూటీ ఏడింటికి. ఇంట్లో అందరికీ తెలిసిన సంగతే. ఉద్యోగం మానెయ్యమని ఎవరూ అనలేదు, బస్సులో వెళ్లమన్నారు, అంతే.

ముందురోజు కొండ మలుపులో మొనదేలిన రాయి తగిలి ముందు ఎడమ టైరు పక్కన చీలిపోయింది. వానలో తనే జాకీ పెట్టి, స్టెప్నీ బిగించుకుని, ఇంటికొచ్చి, చేతులు కడుక్కుని వంటింట్లోకి వెళ్లింది. “ఇంత ఆలస్యమైందేం?” అన్నారు గాని, “ఎలా వచ్చావు?” అని ఎవరూ అడగలేదు. పిల్లల్ని బడి నుంచి తీసుకొచ్చేది, అత్తగారిని కళ్ల డాక్టరుకి చూపించేది, సరుకుల సంచులు మోసుకొచ్చేది ఆమే అయినా, చుట్టాల ముందు అది “మావాడి కారు”. గీత పడిన రోజు మాత్రం “నీ కారు”.

నిజానికి టైరు ఒక వంక. ఆరు నెలల కిందట మరిది తన స్నేహితుడి షాపులో వెనక రెండు టైర్లూ కొత్తవి వేయించుకొచ్చాడు. ఆ వారం నుంచే మలుపు తిప్పినప్పుడల్లా కారు అడుగున ఏదో సన్నగా మూలగడం, సీటు కింద చిన్నగా గుంజినట్టవడం ఆమెకి తెలుస్తూ వచ్చింది. చెప్పింది. “శబ్దం కారులో లేదు వదినా, నీ చెవుల్లో ఉంది,” అన్నాడు మరిది. “రోజంతా రోగుల మూలుగులు వింటుంది కదా, ఇంటికొచ్చినా అవే,” అని నవ్వాడు భర్త. టైరు చీలాక అత్తగారు తేల్చేసింది: “లేని శబ్దాలు వింటూ రోడ్డు చూడని మనిషికి స్టీరింగు దేనికి?”

పదిసార్లు లేదంటే ఉన్నదాని మీద మనకే నమ్మకం పోతుంది. ఆమె కూడా చివరికి రేడియో పెట్టుకుని నడపడం మొదలుపెట్టింది. అయినా మలుపు రాగానే చెయ్యి దానంతటదే నెమ్మదించేది, నొప్పి ఉన్న మనిషిని పక్కకి తిప్పినట్టు.

ఊరి చివర టైర్ల షాపు యజమానిని అందరూ జాకీ అక్క అంటారు. యాభై దాటిన మనిషి, పొట్టిగా, తలకి గుడ్డ చుట్టుకుని, గోళ్ల నిండా నలుపుతో ఉంది. చీలిన టైరు వేలితో తడిమి చూసి, “ఇది పోయింది. సరే, బండిలో ఇంకేమైనా ఇబ్బందుందా నర్సమ్మా?” అంది.

ఏం లేదనబోయింది. అలవాటు. తర్వాత మెల్లగా, “మలుపులో ఒక శబ్దం... నాకే అనిపిస్తుందేమో,” అంది.

“నడుపు. నేను పక్కన కూర్చుంటా.”

షాపు ముందున్న ఖాళీ జాగాలో ఆమె కారుని గుండ్రంగా తిప్పింది. జాకీ అక్క కళ్లు మూసుకుంది. సగం చుట్టు తిరిగేసరికి అడుగు నుంచి ఆ మూలుగు వచ్చింది.

“ఇదేగా?” అంది జాకీ అక్క, కళ్లు తెరవకుండానే. “నాకూ వినపడుతోంది.”

ఆమె కారు ఆపేసింది. ఆస్పత్రిలో ఎంతమంది తనతో, “నొప్పి ఉంది సిస్టర్, ఎవరూ నమ్మట్లేదు,” అన్నారో! నమ్మిన మనిషి పక్కన కూర్చుంటే ఎలా ఉంటుందో ఇప్పుడు తెలిసింది.

కారు లిఫ్టు మీద తలకన్నా ఎత్తుకి లేచింది. “రా, కిందికి రా, చూడు,” అంది జాకీ అక్క.

ఇన్నేళ్లుగా దాని మీద కూర్చుని తిరిగిన మనిషి, మొదటిసారి దాని కింద నిలబడింది. అక్కడ అడుగు పెడుతూనే, గుడిలోకి వెళ్తున్నట్టు, తెలియకుండానే చెప్పులు విడిచింది. కారు అడుగున ఇంత ఉంటుందని ఆమె ఎన్నడూ అనుకోలేదు. ముందు నుంచి వెనక దాకా వెన్నెముకలా పొడుగాటి ఇనప షాఫ్టు. దాని రెండు చివర్ల నుంచీ చక్రాలకి చాచిన చేతులు. కొండ దారి ఎర్రమట్టి పొరలు పొరలుగా అంటుకుపోయి ఉంది. ఒక్కో రాయి గీసిన గీత. తను దాటిన దారంతా ఇక్కడ రాసి ఉంది. ఎవరూ చూడని చోట.

జాకీ అక్క మెత్తటి టేపు తెచ్చి ముందు పాత టైరు చుట్టూ పెట్టి కొలిచింది. తర్వాత వెనకది. రెండు కొలతలకీ మధ్య మూడు వేళ్లు పట్టాయి.

“ముందువి అరిగిపోయాయి. వెనకవి కొత్తవే, కానీ సైజే వేరు. ఎవరు వేశారో గాని కళ్లు ఇంట్లో పెట్టొచ్చి వేశాడు. ఇది నాలుగు చక్రాలూ కలిసి లాగే బండి. నాలుగూ ఒకే అడుగు వెయ్యాలి. ప్రతి చుట్టుకీ మూడు వేళ్ల తేడా అంటే కొండెక్కి దిగేసరికి ఎంతవుతుంది? అదంతా ఎక్కడికి పోతుంది?” నడిమి గేరుబాక్సు మీద వేళ్లతో తట్టింది. “ఇది మింగుతుంది. వేడెక్కి, అరిగి, మలుపులో మూలుగుతుంది. పైన కూర్చున్నవాళ్లకి బండి బాగానే నడుస్తున్నట్టుంటుంది.”

ఆమె చెయ్యెత్తి దాన్ని తాకింది. ఇంకా వెచ్చగానే ఉంది.

“పాడైపోయిందా?”

“పోవాల్సిందే. నువ్వు మలుపులు మెత్తగా తిప్పావు కాబట్టి మిగిలింది.”

ఫోను మోగింది. విషయం చెప్పేసరికి భర్త విసుక్కున్నాడు. “చీలింది ఒక్కటేగా, ఒక్కటే వెయ్యమను. నాలుగంటే వాళ్ల బేరం వాళ్లది. కార్ల సంగతి నీకేం తెలుసు?”

“తెలుసండీ. ఇప్పుడే చూశాను,” అని పెట్టేసింది.

జీతం తనదే అయినా, అడక్కుండా ఇంత పెద్ద వస్తువు కొనడం ఆమెకి ఇదే మొదలు. నాలుగు టైర్లూ ఒకే సైజువి బిగించాక జాకీ అక్క ఇంజను నడిపి గేరు వేసింది. గాలిలో నాలుగు చక్రాలూ ఒక్కసారిగా కదిలాయి. ఏదీ ముందు కాదు, ఏదీ వెనక కాదు. ఆ పొడుగాటి షాఫ్టు నున్నగా తిరుగుతూ తిరగనట్టే కనిపించింది. అప్పుడే పుట్టిన బిడ్డ మొదటి ఊపిరి తీసేటప్పుడు ఎన్నిసార్లు చూసినా ఆమె చేతులు ఆగిపోతాయి. ఇప్పుడూ అలాగే నిలబడి చూస్తుంటే, “బావుంది కదూ? ముప్పయ్యేళ్లయింది, నాకింకా ఆశ తీరలేదు,” అంది జాకీ అక్క.

సాయంత్రం గేటు దగ్గర మరిది చెయ్యి చాచాడు. “తాళాలు వదినా. బజారుకి పోవాలి.”

ఆమె ఇంజను ఆపలేదు. “ఎక్కు, దింపుతాను.”

“నువ్వా? అన్నయ్య...”

“ఎక్కవోయ్, ఆలస్యమవుతుంది.”

ఎక్కాడు. వీధి చివర పెద్ద మలుపు. కారు అడుగున నాలుగు చక్రాలూ ఒక్క మాట మీద తిరుగుతున్నట్టు ఆమెకి అరికాళ్లలోంచి తెలిసింది. పక్కన మరిది తల వంచి చెవి కిందికి పెట్టాడు.

“అరె! శబ్దం పోయిందే వదినా!” అన్నాడు ఉత్సాహంగా. అన్నాక నాలుక కరుచుకుని కిటికీలోంచి బయటికి చూడసాగాడు.

విన్నారన్నమాట. ఆరు నెలలుగా అందరూ విన్నారు.

భర్తకి ఏం చెప్పాలా అని దారంతా కూడబలుక్కున్న మాటలన్నీ ఆమెకి అక్కర్లేనివైపోయాయి. కోపం వస్తుందనుకుంది, రాలేదు. ఎదురుగా రోడ్డు కొత్తగా వేసినట్టు, ఎంత దూరమైనా పోయేట్టు కనిపించింది. బజారు మొదట్లో కారు ఆపి, అతను దిగాక అద్దం దించింది.

“సోమవారం ఆరున్నరకి నేను డ్యూటీకి బయల్దేరతాను. అత్తయ్యని కళ్ల డాక్టరుకి చూపించాలి, పదింటికి బస్సుంది. నువ్వు తీసుకెళ్లు.”