భీమన్న తెచ్చిన పడవ మోటారు

గద్వాల చుట్టుపక్కల పొలాల్లో మల్లేశం చెయ్యి పడని డీజిల్ ఇంజను లేదు. కానీ భీమన్న ఆటోలోంచి దించిన ఈ వస్తువును అతను ఎన్నడూ చూడలేదు. పడవ వెనక తగిలించే పాతకాలపు మోటారు అది. పైన ఇంజను, కింద పొడవాటి కాలు, దాని చివర పంకా. జూరాల ఆనకట్ట వెనక నీళ్లలో చేపలు పట్టే భీమన్న దాన్ని పాత ఇనుప సామాన్ల కొట్లో చూసి మనసు పడి కొన్నాడు.

"గిట్లాంటిది నీకు తెలుసా?" అన్నాడు భీమన్న.

"ఇంజనంటే ఇంజనే," అన్నాడు మల్లేశం. తెలియదని చెప్పే అలవాటు అతనికి లేదు.

మల్లేశం దుకాణం ముందు రోడ్డు పని నడుస్తోంది. లోపలి భాగాల్లో దుమ్ము పడకూడదని మోటారును ఇంటికే తెచ్చాడు. వెంట భీమన్న కూడా వచ్చాడు. ముందు గదిలో అతని భార్య రుక్కమ్మ మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకుని చీర నేస్తోంది.

"నా పట్టు మీద నూనె చుక్క పడాలె, నిన్నూ నీ మోటారునూ ఒక్కసారే బయటేస్త," అంది తలెత్తకుండానే.

మల్లేశం గోనెసంచి పరిచి, మూలన కూర్చున్నాడు. పై భాగాలన్నీ సులువుగానే వచ్చాయి. మిగిలింది క్రాంక్‌కేస్. ఇంజను కడుపులో తిరిగే ఇరుసును మూసి ఉంచే డొల్ల అది, రెండు సగాలుగా ఉంటుంది. బోల్టులన్నీ తీసినా సగాలు విడిపోలేదు. కొయ్య సుత్తితో తట్టాడు. వేడినీళ్లు పోశాడు. ఒడిలో పెట్టుకుని గుంజాడు.

"నువ్వు దాన్ని విప్పుతున్నవా, అది నిన్ను విప్పుతున్నదా?" అంది రుక్కమ్మ.

మల్లేశం పాత రంగును గీకడం మొదలుపెట్టాడు. రంగు కింద ఒక సన్నని చీల బయటపడింది. రెండు సగాలనూ కలిపి పట్టుకున్నది అదే. దాన్ని వెనక నుంచి కొట్టి తీయగానే డొల్ల మెత్తగా తెరుచుకుంది. భీమన్న నవ్వుతూ ముందుకు వంగాడు. మల్లేశం అదే ఊపులో పిస్టన్ కడ్డీని పట్టిన మూత వదులు చేసి పైకెత్తాడు.

లోపల బేరింగు ముక్కలను పట్టి ఉంచే చట్రం లేదు. సూదుల్లాంటి ఉక్కు ముక్కలు విడివిడిగా ఉన్నాయి. అవన్నీ ఒక్కసారిగా జారి, గచ్చు మీద చెల్లాచెదురుగా దొర్లుతూ వెళ్లి మగ్గం గుంతలో పడ్డాయి.

"నా కాలు మీద ఏందో పడ్డది," అంది రుక్కమ్మ.

"కదలకు. జర గట్లనే ఉండు."

మల్లేశం బోర్లా పడుకుని గుంతలోకి తల దూర్చాడు. భీమన్న మంచం కిందికి పాకాడు. పాత స్పీకరు అయస్కాంతంతో వెతికి, దొరికినవన్నీ ఇరుసు చుట్టూ పేర్చి చూస్తే ఒక సూది పట్టేంత సందు మిగిలింది. మళ్లీ వెతికారు. చివరికి రుక్కమ్మ మొగుడి మోచేతి జిడ్డుకు అంటుకున్న సూదిని గోటితో తీసి, అతని కళ్ల ముందు పెట్టింది. ఇక నవ్వు ఆపుకోలేక నేత పక్కన పెట్టి, తనే వచ్చి కూర్చుంది. గ్రీజులో ఆ సూదులను నిలబెట్టింది కూడా ఎక్కువగా ఆమె వేళ్లే.

అన్నీ తిరిగి కూర్చాక, మోటారును నీళ్ల డ్రమ్ముకు బిగించి తాడు లాగితే పొగ చిమ్మి నడిచింది. డ్రమ్ములో సగం నీళ్లు భీమన్న మీదే పడ్డాయి.

"ఇగ పడవకు బిగిద్దాం. యాడుంది?" అన్నాడు మల్లేశం.

"పడవ యాడిది? నాకున్నది పుట్టి," అన్నాడు భీమన్న ముఖం తుడుచుకుంటూ.

పుట్టి అంటే నీళ్ల మీద తేలే గుండ్రటి బుట్ట. దానికి ముందూ వెనకా ఉండదు.

అయినా ఆదివారం ముగ్గురూ జూరాల వెళ్లారు. పుట్టికి అడ్డంగా చెక్క కట్టి, మోకాలి లోతు నీళ్లలో మోటారు బిగించారు. తాడు లాగగానే పుట్టి భీమన్నతో సహా గిరగిరా తిరిగింది. పిడి అటు తిప్పితే అటు తిరిగింది, ఇటు తిప్పితే ఇటు తిరిగింది. ఒడ్డు నుంచి ఒక్క అడుగు ముందుకు పోలేదు.

"ఇంజన్ అయితే మంచిగ నడుస్తుంది గదా," అన్నాడు మల్లేశం, ఎవరూ అడగకపోయినా.

భీమన్న మోటారు ఆపి, తల పట్టుకుని కూర్చున్నాడు. రుక్కమ్మ చీర కుచ్చిళ్లు ఎత్తి దోపుకుని నీళ్లలోకి దిగింది. పుట్టి ఎక్కి, అంచును రెండు చేతులా గట్టిగా పట్టుకుంది.

"అన్నా, మల్ల గట్లనే తిప్పు," అంది.