నూట ఇరవై మిల్లీమీటర్ల లోతు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఈ సంగతి మా వర్క్‌షాప్‌లో మిల్లింగ్ మెషిన్‌కి కూడా తెలుసని మా ఆయన అంటుంటాడు. ఆ వారం మాత్రం నా కోపానికి గట్టి కారణమే ఉంది.

కృత్రిమ కాళ్ళు తయారుచేసే కేంద్రం వాళ్ళు పిల్లల మోకాలి తొడుగుకి అచ్చు కావాలన్నారు. "అంత లోతు మన వల్ల కాదు, ఒప్పుకోకు" అన్నాడు మా ఆయన. నేను ఒప్పుకున్నాను. ఇరవై ఒక్క రోజులుగా ఒక ఉక్కు దిమ్మని చెక్కుతూనే ఉన్నాను. అన్నీ అయ్యాయి, నడిమధ్య గుంట ఒక్కటే మిగిలింది. దాని లోతు నూట ఇరవై మిల్లీమీటర్లు. గోడలు నిటారుగా ఉండాలి, మూలలు ఇరుకు. చిటికెన వేలంత లావు కట్టర్ తన లావుకి పదింతల లోతు దిగి, వణక్కుండా గోడల్ని కోయాలి. వణికిందా, గోడ నిండా గీతలు పడి దిమ్మ పాడవుతుంది. అలాంటి దిమ్మ మళ్ళీ రావాలంటే మూడు నెలలు పడుతుంది. కేంద్రంలో పిల్లలు అప్పటిదాకా పాత కాళ్ళతోనే కుంటుతూ తిరగాలి.

అంత పొడుగు కట్టర్ కోసం వారం రోజులు ఫోన్ చెవికి అతికించుకునే తిరిగాను. ఒకాయన ఆరు వారాలు ఆగమన్నాడు. ఇంకొకాయన డ్రిల్ బిట్ ఫోటో పంపి "ఇదేగా మేడమ్" అన్నాడు. మూడోచోటు నుంచి పొడుగుదే వచ్చింది గానీ, కొస నుంచి పైదాకా అన్నీ పళ్ళే. అలాంటిది లోతుకు దిగాక గోడ పొడుగునా రాసుకుని వంగిపోతుంది. నాకు కావలసింది కొసన మాత్రమే పొట్టి పళ్ళుండి, ఆ పైన మెడ కాస్త సన్నగా సానపట్టినది. తల ప్రాణం తోకకొచ్చింది. బల్లకున్న పై డ్రాయర్ని ఎంత గట్టిగా నెట్టానంటే బల్ల మీది స్పానర్లు ఎగిరిపడ్డాయి.

ఆ బల్ల దగ్గరే మా మామయ్య, మా ఆయన వాళ్ళ నాన్న, కూర్చుని ఉన్నారు. నలభై ఏళ్ళు కట్టర్లకి సానపట్టీ పట్టీ రెండు చెవులూ పోగొట్టుకున్న మనిషి. పని మానేసి తొమ్మిదేళ్ళయినా రోజూ వచ్చి, అరచేయి బల్ల మీద పరిచి కూర్చుంటారు. ఆయనకేమైనా చెప్పాలంటే చాక్‌పీసుతో బల్ల మీద రాయాలి. వినబడదన్న ధీమాతో ఆయన ఎదురుగానే నేను ఎన్ని మాటలన్నానో లెక్కలేదు. "ఆ బల్ల ఎక్కడికీ పారిపోదు, కాస్త వదలండి" అన్నది వాటిలో మంచిది.

ఆ రోజు నేను బల్ల మీద గీసిన కట్టర్ బొమ్మ చూసి మామయ్య చెప్పుల్లో కాళ్ళు దూర్చారు. "పద అమ్మాయ్, పాత టూల్స్ కొట్టుకి పోదాం. ఆ కొట్టతను వెనక గది ఎప్పుడూ సర్దడు" అన్నారు.

నిజమే. వెనక గదిలో దుమ్ము కొట్టుకుపోయిన అట్టపెట్టెలో, నూనె కాగితం చుట్టిన కట్టర్లు మూడు దొరికాయి. పొట్టి పళ్ళు, సన్నటి మెడ, సరిగ్గా నాక్కావలసినవే. చేతికందినదాన్ని తీసుకోబోతే మామయ్య నా చేయి పట్టుకుని ఆపారు. ఒక్కొక్కదాన్నీ వేళ్ళ మధ్య పట్టుకుని గోటితో మీటారు. వెంటనే దాని మొదలుని చెవి కింద దవడ ఎముకకి ఆనించి కళ్ళు మూసుకున్నారు.

"పెద్దాయనకి పంటినొప్పా?" అని కొట్టతను నాకు కన్నుగీటాడు.

మామయ్య ఒకదాన్ని నా చేతిలో పెట్టారు. రెండోది పక్కన పెట్టారు. మూడోది కొట్టతని వైపు జరిపి, "దీన్ని ఎవరికీ అమ్మకు నాయనా, లోపల బీటుంది" అన్నారు.

కొట్టతను నవ్వుతూనే భూతద్దం తీశాడు. తిప్పి తిప్పి చూశాక నవ్వు ఆగిపోయింది. మెడ కింద వెంట్రుకంత బీట. మామయ్య నా చేతిలో పెట్టినదాన్ని నూనె కాగితంలో జాగ్రత్తగా చుట్టుకున్నాను.

వర్క్‌షాప్‌కి రాగానే కట్టర్ని హోల్డర్‌లో వీలైనంత లోపలికి నెట్టి బిగించాను. నూట ఇరవై మూడు మిల్లీమీటర్లే బయట ఉంచాను. ఎంత పొట్టిగా ఉంటే అంత తక్కువ వణుకు. ఈ పనిలో ఎవరికైనా మొదటి రోజు నేర్పేది అదే.

తొంభై మిల్లీమీటర్ల లోతు దాకా బాగానే దిగింది. ఆ తర్వాత కీచుమని అరిచింది. ఆపి టార్చి వేసి చూస్తే గోడ మీద సన్నటి అలలు. నునుపు చేయడానికని వదిలిన పొర ఇంకా కాస్త మిగిలి ఉంది. అది కూడా పోతే దిమ్మ పోయినట్టే.

మామయ్య మెషిన్ పక్కన నిలబడి అరచేయి దాని మీదే ఉంచారు. బిగించిన కట్టర్ని మీటి, హోల్డర్‌కి దవడ ఆనించారు. నా చేత కట్టర్ని మూడు మిల్లీమీటర్లు బయటికి లాగించి మళ్ళీ మీటారు. తల అడ్డంగా ఊపారు. ఇంకో రెండు లాగించారు. మరో రెండు.

"ఇదీ. ఇలాగే బిగించు. స్పీడు మార్చకు."

చాక్‌పీసు అందుకుని "పొడుగు పెంచితే ఇంకా వణకదా?" అని రాశాను.

"అన్నిసార్లూ కాదమ్మాయ్. కట్టర్‌కి తన ఊపు ఒకటుంటుంది. మెషిన్ తిరిగే ఊపుకి అది కుదరలేదు, అందుకే పోట్లాడుతోంది. పొడుగు మారితే దాని ఊపు మారుతుంది."

నేర్చుకున్నదంతా వద్దు వద్దంటోంది. కానీ కొట్లో ఆయన పట్టేసిన ఆ వెంట్రుకంత బీట గుర్తొచ్చింది. ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని మీట నొక్కాను.

ఎనభై. తొంభై. తొంభై ఐదు. కీచుమనలేదు. మెత్తటి గుడ్డ చింపుతున్నట్టు సన్నటి చప్పుడు, అంతే. నూట పది. నాలుగు మూలలూ తిరిగి, అడుగు తాకి, కట్టర్ పైకి వచ్చేసరికి నలభై నిమిషాలు పట్టింది. గాలి కొట్టి, నూనె తుడిచి, టార్చి వేశాను. వెలుతురు గోడల వెంట అడుగుదాకా ఎక్కడా తట్టుకోకుండా జారింది. ఇరవై ఏళ్ళలో అంత లోతులో అంత నునుపు నేను చూడలేదు. టార్చి ఆర్పబుద్ధి కాక అలాగే నిలబడిపోయాను.

మామయ్య అప్పటికే వెళ్ళి తన చోట కూర్చున్నారు. నేను ఎదురుగా కూర్చుని "చెవులు లేకుండా ఎలా విన్నారు?" అని రాశాను.

ఆయన నవ్వారు. "చెవులకి చప్పుడే తెలుస్తుంది. ఎముకకీ, చేతికీ సంగతంతా తెలుస్తుంది." అరచేయి మళ్ళీ బల్ల మీద పరిచారు. "మెషిన్ ఎలా ఉందో, నువ్వెలా ఉన్నావో. తొమ్మిదేళ్ళ నుంచీ చూస్తున్నా. పని మీద కోపమొస్తే పై డ్రాయర్ ధడేలుమంటుంది. నా మీద వస్తే కింది డ్రాయర్."

చాక్‌పీసు కింద పెట్టాను. ఎన్నిసార్లు ఆ కింది డ్రాయర్ని కాలితో తన్ని మూశానో నాకు తెలుసు. ఆయనకీ తెలుసు. అయినా రోజూ వచ్చి అక్కడే చేయి పెట్టుకుని కూర్చున్నారు.

కింది డ్రాయర్ తెరిచే ఉంది. వంగి, రెండు చేతులతో, మెల్లగా దాన్ని లోపలికి జరిపాను.

"వినబడింది అమ్మాయ్" అన్నారు మామయ్య.