అడగని అప్పు

బాలికి నిద్ర పట్టకుండ చేసింది అప్పు గాదు, ఆ అప్పు ఎవ్వరూ అడగకపోవుడు.

వాయిదా రెండు నెలలు తప్పింది. నిర్మలాదేవి అడగాలె గద? అడగలే. ఏన్కూరుల మిర్చితోట ఉండి, వడ్డీకి పైసలు తిప్పే ఆమె. పోయినేడు బాలి ఒక్కరోజు ఆలస్యం చేస్తే, తెల్లారేసరికి స్కూటీ మీద తండాకొచ్చి నలుగురు వినేటట్టు అడిగిపోయింది. గసొంటి మనిషి నోరెత్తకపోతే లోపల ఏదో ఉన్నట్టే.

పెనిమిటి మోతీలాల్‌కు కామెర్లు ముదిరి ఖమ్మం దవాఖానల వేసినప్పుడు చేసిన అప్పది. కుదువ పెట్టింది టోప్లీలు, జుట్టుకు కట్టుకుంటే చెవుల పక్కన వేలాడే వెండి. పెనిమిటి బతికున్నంత కాలం లంబాడీ ఆడది వాటిని తియ్యగూడదు. పెనిమిటిని బతికించుకునేటందుకే తీసింది బాలి, ఇగ ఏంజేస్తది? అవి లేని సంగతి కనపడకుండ నెత్తి మీది కొంగు జారనీయక తిరుగుతున్నది. వరుసగ మూడు వాయిదాలు తప్పితే వెండి నిర్మలాదేవిదని ఒప్పందం. వానలకు జామాయిల్ చెట్లు కొట్టుడు బందై మోతీలాల్‌కు పని లేదు. మూడో వాయిదా నెత్తి మీదికొచ్చింది.

“మూడోది గూడ తప్పాలెనని చూస్తున్నదేమో” అన్నడు మోతీలాల్.

“గట్లయితే సంతల నన్ను చూసి గాజుల దుకాణంల ఎందుకు దూరింది? అప్పు తీసుకున్నోళ్లు దాక్కుంటరు గానీ, ఇచ్చినోళ్లు దాక్కునుడు ఏంది?”

భయం భయమే. కానీ సంగతేందో తెలుసుకోవాలెనని అంతకంటే ఎక్కువ పాణం గుంజుతున్నది. ఆఖరికి ఒక మేకపిల్లను అమ్మి, ఆ పైసలు కొంగున కట్టుకొని ఏన్కూరు పోయింది. ఒక్క వాయిదాకు గూడ చాలవు. అయినా తప్పించుకు తిరిగేకంటే మనమే పోయి చెప్పుకునుడు నయమనుకున్నది.

తలుపు తీసిన నిర్మలాదేవి తెల్లబోయింది. “రా బాలీ, కూర్చో. టీ తాగుతావా?”

టీ అంట! ఏండ్లసంది ఆ తోటల మిరపకాయ ఏరుతున్నది బాలి, అడిగితే గానీ మంచినీళ్లు రాని ఇల్లది. అందితే జుట్టు, అందకపోతే కాళ్లు అంటరు. ఈమెకు ఇప్పుడు ఏం అందకుంట పోయిందో అనుకున్నది.

“అమ్మా, రెండు తప్పినయ్. ఇయ్యాల గింతే ఉన్నది. మిగిలింది మిర్చి ఏరేటప్పుడు కూలిల పట్టుకోండ్రి. మూడోది గూడ తప్పిందనకుండ్రి” అని ముడి విప్పింది.

“ఉంచుకోవే, తర్వాత చూద్దాం. నేనేమన్నా అడిగానా?”

“గదే అడుగుతున్న. ఎందుకు అడగలే?”

నిర్మలాదేవి కుర్చీ జరుపుకొని కూసున్నది.

“ఒక్కసారి నా టోప్లీలు చూపియ్యండ్రమ్మా. చూసి పోత.”

తేలు కుట్టిన దొంగ మొహం పెట్టింది నిర్మలాదేవి. కాసేపు కుర్చీ అంచు గీకి, ఆఖరికి చెప్పింది. “అవి ఇక్కడ లేవు బాలీ. నల్లతామర పురుగొచ్చి మిర్చి పోయింది కదా. మందుల కొట్టు బాకీకి నా గొలుసు పెట్టినా చాలక, వాటిని కూడా కొత్తగూడెంలో తాకట్టు పెట్టాను. అక్కడ నేనూ వాయిదాలు తప్పాను. కరిగించేస్తానని ఆ దుకాణం సేటు రోజూ ఫోన్లు. మా ఆయనకి తెలీదు. కరిగిస్తే కరిగించనీ, అంతే తూకం కొత్త వెండి కొనిస్తాలే. నీకేం నష్టం ఉండదు.”

బాలికి కోపంతోని కండ్లల్ల నీళ్లు తిరిగినయ్. మీరు అనే నోట నువ్వు అని వచ్చింది. “నీ పసుపుతాడుకు పుస్తెలున్నయ్ గద. అవి కరిగిచ్చి, అంతే తూకం కొత్తయి ఇస్త. తీస్తవా?”

నిర్మలాదేవి చెయ్యి మెడ మీదికి పోయింది. “అవి అంతటివని నాకు తెలీదే. వెండే కదా అనుకున్నాను” అన్నది మెల్లగ.

“అయితే ఆ దుకాణం చూపియ్, పా” అన్నది బాలి. మధ్యాహ్నం బస్సుకే ఇద్దరూ కొత్తగూడెం పోయిండ్రు. తాకట్టు దుకాణం గడప కాడనే ఆగిపోయింది నిర్మలాదేవి. బాకీపడి ఇంకొకరి ముంగట నిలబడుడు ఆమెకు అలవాటు లేదు. బాలికి ఉన్నది. చక్కగ లోపలికి పోయి మేకపిల్ల పైసలు బల్ల మీద పెట్టింది.

“ఇది ఇయ్యాల్టిది, సేటూ. నెలనెలా ఎంతో కొంత తెస్తం. టోప్లీలు కరిగియ్యొద్దు.”

ఆయన పైసలు చూసిండు, గడప కాడున్న ఆమెను చూసిండు. కరిగియ్యనన్నడు. వెండి మాత్రం బాకీ తీరినంకనే అన్నడు.

బస్టాండుల బెంచీ మీద కూసున్నంక బాలి అన్నది, “ఇగ ఒప్పందం నాది. నీకియ్యాల్సిన వాయిదా నీ చేతికియ్యను. నీది, నాది కలిపి ఇద్దరం వచ్చి ఆ దుకాణంలనే కడదాం.”

“అట్లాగే” అన్నది నిర్మలాదేవి. మల్ల బాలి దిక్కు చూడకుండ అడిగింది. “ఏదైనా నెల నా దగ్గర లేకపోతే?”

“తండాకొచ్చి చెప్పు” అన్నది బాలి. “నీ పుస్తెలైతే అడగను.”