పరీక్ష అక్కర్లేని బండి

నేను ఒక కారును. ఈ నిమిషంలో ఆగడం చేతకాని కారును.

కైలాసగిరి కొండ మీద నుంచి విశాఖపట్నం వైపు దిగుతున్నాను. ఎడమ పక్కన కొండరాయి. కుడి పక్కన మోకాలెత్తు పిట్టగోడ, దాని అవతల సముద్రం. స్టీరింగు పట్టుకున్న నా యజమాని దాట్ల రంగపతిరాజు గారు బ్రేకు తొక్కారు. పెడలు నేలదాకా దిగి అక్కడే కూర్చుంది. మళ్లీ తొక్కారు. అది లేవనే లేదు.

"పైడయ్యా, బ్రేకు లేదు!"

పక్క సీటులో ఉన్నవాడు మెకానిక్ గొర్లె పైడయ్య. వెనక సీటులో రాజు గారి భార్య లలితమ్మ గారు. ఆవిడ ఒళ్లో, గంట క్రితం కొండ మీద పాతకార్ల పోటీలో నేను గెలిచిన వెండి కప్పు.

"లేదంటే ఏంటండీ? పొద్దున ఉందిగా?" అన్నారు ఆవిడ.

"బాబూ, ఇంజను ఆపకండి! రెండో గేరులో ఎయ్యండి. మీరు స్టీరింగే సూసుకోండి, మిగతాది నాను సూస్తాను," అంటూ పైడయ్య నా హ్యాండ్ బ్రేకు పట్టుకున్నాడు. ఒక్కసారిగా లాగితే వెనక చక్రాలు జారి పిట్టగోడ మీదికి పోతానని అతనికి తెలుసు. ఒక్కొక్క పన్నే టిక్కు టిక్కుమంటూ లాగుతున్నాడు.

తర్వాతి మలుపు రావడానికి ఇంకా కాస్త దూరం ఉంది. ఈ సందులో నా సంగతి చెప్పేస్తాను. తర్వాత వీలవుతుందో లేదో.

ఇంగ్లండులో ఒక వానరోజున నన్ను బిగించారు. ఓడెక్కి మద్రాసు రేవులో దిగాను. మొదట నన్ను కొన్నది విజయనగరంలో ఒక పిల్లల డాక్టరు గారు. జ్వరం చూసినట్టు రోజూ నా బానెట్ మీద చెయ్యివేసి చూసేవారు. తర్వాత ఒక సినిమా పంపిణీదారు చేతికొచ్చాను. ఆయన వెనక సీటు నిండా రీళ్ల డబ్బాలు పెట్టించి, భార్యను బస్సులో రమ్మనేవాడు. ఆ తర్వాత పదిహేనేళ్లు పెళ్లిళ్లకు అద్దెకు తిరిగాను. నా అద్దంలో తలపాగా సర్దుకోని పెళ్లికొడుకు లేడు. రోడ్డు వైపు చూసినవాడూ లేడు. చివరికి అనకాపల్లిలో ఒక బెల్లం గోదాములో పడేశారు. అక్కడ నా ముందు సీటులో కోళ్లు గుడ్లు పెట్టుకున్నాయి. ఆ కాపురం బాగానే ఉండేది. సరిగ్గా అప్పుడే రంగపతిరాజు గారు నన్ను చూశారు.

రాజు గారిది భీమవరం. రొయ్యల చెరువులు అల్లుళ్లకు అప్పగించి విశాఖలో స్థిరపడ్డారు. ఏం తోచక నన్ను తెచ్చుకున్నారు. పైడయ్య ఏడాదిన్నర కష్టపడి నన్ను మళ్లీ మనిషిని చేశాడు. మా గురించి చెప్పేటప్పుడు కూడా మనుషుల భాషే వాడాలి, ఏం చేస్తాం.

నన్ను పాతకాలపు బండిగా నమోదు చేయించిన రోజున రాజు గారి సంతోషం చెప్పనలవి కాదు. "ఇహ మన బండి జోలికి బ్రేక్ ఇన్‌స్పెక్టర్ రాడండి. ఫిట్‌నెస్ పరీక్షా లేదు, గొడవా లేదు. ఇది పెద్దమనిషండి, ఆయ్!" అని కనబడిన వాళ్లందరికీ చెప్పారు. నాకు మాత్రం ఆ లెక్క అర్థం కాలేదు. మనుషులు అరవై దాటగానే ఏడాదికోసారి గుండె పరీక్ష చేయించుకుంటారు. కారుకు యాభై దాటితే ఏ పరీక్షా వద్దట. నా కింద ఎవరూ తొంగిచూడక్కర్లేదన్న ఆ కాగితాన్ని ఆయన ఫ్రేము కట్టించి హాల్లో తగిలించారు.

మలుపు వచ్చేసింది. ఎదురుగా టూరిస్టు బస్సు ఎక్కివస్తోంది.

"ఎడమకు బాబూ! ఆ కంకర గుట్టలోకి ఎక్కించీయండి!"

రోడ్డు పని కోసం పోసిన కంకర అది. రాజు గారు కళ్లు మూసుకుని తిప్పారు. పైడయ్య హ్యాండ్ బ్రేకు ఆఖరి పన్ను లాగాడు. నేను గుట్టలోకి ముక్కుదాకా దిగబడి ఆగాను. బంపరు వంగింది, ఒక లైటు పగిలింది. లోపల ముగ్గురూ క్షేమం. బస్సు మా పక్కనుంచే హారను కొట్టుకుంటూ వెళ్లిపోయింది.

కాసేపటికే వెనక వస్తున్న పాతకార్లన్నీ ఆగాయి. క్లబ్బు పెద్దలు దిగారు. వాళ్లను చూడగానే రాజు గారికి ప్రాణం కంటే పరువు ముందు గుర్తొచ్చింది.

"ఇతను చేసిన పనండి ఇది! కొత్త బ్రేకు పైపు వేశానని చెప్పి పాతదే ఉంచేశాడు. నన్ను మోసం చేశాడండి!"

పైడయ్య చెయ్యి ఇంకా హ్యాండ్ బ్రేకు మీదే ఉంది.

"నానా బాబూ?"

ఎవరు చేశారో నాకు తెలుసు. నా కింద వెల్లకిలా పడుకున్న మనిషి ముఖం నాకు తెలియకపోతుందా? కానీ నాకున్న నోరల్లా హారను. అది ఎవడైనా నొక్కితేనే పలుకుతుంది.

గుంపును తోసుకుంటూ ఒకావిడ వచ్చింది. ఖాకీ చొక్కా, నుదుటి మీద చెమట. పొట్నూరి హైమావతి, పోటీకి అతిథిగా పిలిచిన బ్రేక్ ఇన్‌స్పెక్టర్. నా జోలికి రాకూడని ఆ అధికారి రానే వచ్చింది.

"ఫిర్యాదు రాసివ్వండి సార్. పోలీసులకు పంపిస్తాను," అంది.

రాజు గారు నా బానెట్ మీదే కాగితం పెట్టి రాయసాగారు. ఆ కలం ఒత్తిడి నాకు తెలుస్తూనే ఉంది.

"బాబూ, మూడు ఇస్కూళ్ల బస్సులు నా సెడ్డులోనే బాగవుతాయి," అన్నాడు పైడయ్య. గొంతు పెంచలేదు. "నాను బ్రేకుల కాడ మోసం సేసినానని మీరు రాసీస్తే, రేపు ఏ తల్లి తన పిల్లని ఆ బస్సు ఎక్కిత్తాది? నన్ను కొట్టండి, పడతాను. ఆ మాట మాత్రం రాయకండి."

కలం ఒక్క క్షణం ఆగింది. మళ్లీ కదిలింది.

హైమావతి ఫోను లైటు వేసుకుని కంకర మీద పడుకుని నా కిందికి దూరింది. ఇన్నేళ్లలో నా కింద చూసిన మొదటి అధికారి. చీలిపోయిన రబ్బరు పైపు ఊడదీసి బయటికొచ్చింది.

"దీని మీద అచ్చు వేసిన సంవత్సరం చూశారా? ఈ పైపు మా అమ్మ కంటే పెద్దది."

"అదే అమ్మా నాను మూణ్నెల్ల కిందట ఇప్పీసింది! పెళుసైపోనాది, పారేద్దారంటే రాజు గారే దాసుకున్నారు. నాను కొత్తదే బిగించినాను."

"మరి పగుళ్లలో ఈ తెల్లటిది ఏంటి?" హైమావతి వాసన చూసింది. "పౌడరు!"

లలితమ్మ గారు కప్పు కింద పెట్టేశారు. "ఏవండీ, వారం తిరక్కుండా నా పౌడరు డబ్బా ఖాళీ అయితే పనిమనిషిని అన్నాను. పాపం అది ఒట్టు పెట్టుకుని ఏడ్చింది. మీరు పక్కనే పేపరు చదువుతున్నారు!"

క్లబ్బు పెద్దల్లో ఒకాయన గొంతు సవరించుకున్నాడు. రబ్బరు పెళుసెక్కకుండా పౌడరులో దాచడం వాళ్లందరికీ తెలిసిన విద్యే. ఫ్యాక్టరీ అచ్చు ఉన్న ప్రతి అసలు భాగానికీ పోటీలో అదనపు మార్కులు. అద్దం పెట్టి మరీ కింద చూస్తారు, అచ్చు ఉందా అని. పగులు ఉందా అని మాత్రం ఎవరూ చూడరు.

"మరి ఆ కొత్త పైపు ఏమైంది? డిక్కీ తాళం ఎవరి దగ్గరుంటుంది?" అంది హైమావతి.

"ఆయన దగ్గరే. నాకు కూడా ఇవ్వరు," అన్నారు లలితమ్మ గారు.

డిక్కీ తెరుచుకుంది. పాత తువ్వాలులో చుట్టిన కొత్త నల్లటి పైపు బయటపడింది. పైడయ్య దాన్ని చూశాడు గానీ ముట్టుకోలేదు.

హైమావతి ఫిర్యాదు కాగితం తీసి రాజు గారి చేతికే ఇచ్చింది. "ఒకసారి చదవండి సార్. పేరు దగ్గర అందరికీ వినబడాలి."

రాజు గారు కళ్లజోడు పెట్టుకున్నారు. తీశారు. మళ్లీ పెట్టుకున్నారు.

"మీరు చదువుతారా, నేను చెప్పనా?" అన్నారు లలితమ్మ గారు.

"నా బండికి కొత్త బ్రేకు పైపు ఉండాల్సిన చోట పనికిరాని పాత పైపు పెట్టి, ముగ్గురి ప్రాణాల మీదికి తెచ్చిన వ్యక్తి..." రాజు గారు పైడయ్య వైపు ఒకసారి చూశారు. కాగితం మడిచేశారు. తర్వాతి ముక్కకు ఆయనకు కాగితం అక్కర్లేకపోయింది.

"దాట్ల రంగపతిరాజు."