వీధిగోడలో లేని పట్టీ

మిల్తోస్ ఇంటికి వెన్నుదూలం ఎక్కించిన రోజున చుట్టాలూ ఇరుగుపొరుగూ తెచ్చిన చేతిరుమాళ్లు, చొక్కాలు కప్పు మీద తాడుకి వరసగా కట్టారు. పైన నిలబడి, ఎవరు ఏమిచ్చారో పేరుపేరునా కేకేసి దీవించడం పెద్దమేస్త్రీ హక్కు. పిండస్ కొండల్లోని ఆ ఊళ్లలో పాతికేళ్లుగా ఆ కేక కోస్మాస్‌దే. ఆ రోజు అతను నిచ్చెన మీద కాలు పెట్టేసరికి మిల్తోస్ తల్లి కింద నుంచి అంది: "ఈసారికి ఫోతిస్‌ని పిలవనీ నాయనా. కప్పు అతనిది కదా."

ఫోతిస్ వడ్రంగి. కోస్మాస్ చెల్లెలి మొగుడు. మొహమాటపడుతూనే ఎక్కాడు. అతని గొంతు కూడా బాగుంది. ఆ ముసలమ్మ ఇచ్చిన రుమాలు చూపించి ఆమె పేరు కేకేసినప్పుడు జనం చప్పట్లు కొట్టారు. కోస్మాస్ అందరితో పాటు కింద నిలబడి, దవడలు నొప్పెట్టేదాకా నవ్వాడు.

గోడల్ని ఎవరూ తలెత్తి చూడరు. ఈ సంగతి అతనికి చిన్నప్పటినుంచీ తెలుసు. కానీ ఫోతిస్ వచ్చేదాకా అది నొప్పిగా అనిపించలేదు.

ఆ ఊళ్లో ఇళ్లకి కప్పు అంటే నాపరాయి పలకలే. ఒక్కో ఇంటికి రెండు వందల కంచరగాడిదల మోత. ఆ బరువంతా వాసాల మీదుగా జారి గోడ తలని బయటికి తోస్తుంది. వాసాల కాళ్లని కలిపి పట్టుకోవడానికే అడ్డదూలం. గోడలు ఇంకా లేవకముందు సంగతి ఇది. మిల్తోస్‌కేమో మేడగది ఎత్తుగా కావాలి, తల మీద దూలాలు వేలాడకూడదు. మరో వడ్రంగైతే కుదరదనేవాడు. ఫోతిస్ ఒక చెక్క మీద బొగ్గుతో గీసి, లెక్క కట్టి, అడ్డదూలాల్ని మూడోవంతు పైకి జరిపాడు. మిగిలిన తోపుని గోడ తల దగ్గర చుట్టూ తిరిగే చెస్ట్‌నట్ కర్ర పట్టీ ఆపుతుందన్నాడు.

"పై పట్టీ నాలుగు మూలలా ఒకదాన్నొకటి కొరుక్కుని ఉండాలి బావా. నా కప్పు దానిమీదే బతుకుతుంది."

'నా కప్పు' అన్న మాట కోస్మాస్ చెవిలో రెండు వారాలు తిరిగింది.

వీధిగోడ కట్టేటప్పుడు కూడా తిరుగుతూనే ఉంది. మూడు ఎత్తుల్లో వేసే కర్ర పట్టీలు గోడ ముఖం మీద అడ్డగీతల్లా కనిపిస్తాయి. కింది రెండూ మామూలుగానే వేశాడు. పైదాని దగ్గర చెయ్యి ఆగింది. ఆ చివరి మూరన్నర ఎత్తు ఏ గీతా లేకుండా, రాయికీ రాయికీ మధ్య వెంట్రుక దూరకుండా సాగితే, దారినపోయేవాడి కన్ను అక్కడే చిక్కుకుంటుంది, కప్పు దాకా పోదు. మూడు గోడలకి పట్టీ వేసి వీధివైపు వదిలేశాడు. అనుమానం రాకుండా రెండు మూలల్లో మూరెడేసి కర్ర ముక్కలు దూర్చాడు. పట్టీ పూర్తయిందా అని ఫోతిస్ అడిగితే అయిందన్నాడు, వీధివైపు అందం కోసం ముఖపు రాళ్ల వెనక దాచానన్నాడు. బావ మాట కాబట్టి ఫోతిస్ ఎక్కి చూడలేదు.

వెన్నుదూలం ఎక్కి, పలకలు సగం పరిచాక ఒక ఉదయం కోస్మాస్ తూకపు గుండు వదిలి చూస్తే, వీధిగోడ తల అర వేలు బయటికి వచ్చి ఉంది. మొదట అతనికి భయం వెయ్యలేదు. ఒళ్లు తేలికపడింది. కప్పే గోడని తోసేసిందంటారు, అందరూ అదే అంటారు. ఆ తేలికదనం ఎక్కడినుంచి వచ్చిందో గుర్తుపట్టి సిగ్గుపడ్డాడు. సిగ్గుపడుతూనే గుండుకి తాడు చుట్టి జేబులో వేసుకున్నాడు. మూడు రోజులకి అర వేలు కాస్తా వేలయింది. ఇంకా సగం పలకలు ఎక్కాలి.

నాలుగోరోజు పరంజా మీద ఉన్న కోస్మాస్ దగ్గరికి ఫోతిస్ నిచ్చెనెక్కి వచ్చాడు. గడ్డం మాసి ఉంది.

"గోడ వాలుతోంది బావా. చూశావా?"

"చూశాను."

"తప్పు నాదే. దూలం మరీ పైకి లేపాను."

"లెక్క చూసుకున్నావా?"

"మూడుసార్లు. లెక్కలో ఎక్కడా దొరకట్లేదు. కానీ గోడ వాలిందంటే నా లెక్క తప్పినట్టే కదా. నీ గోడ సంగతి నాకు తెలీదా?" మెడ రుద్దుకున్నాడు. "మిల్తోస్‌కి చెప్పేస్తాను. పలకలు దించి, దూలాలు కిందికి మార్చేస్తాను."

"ఊరు ఊరంతా నవ్వుతుంది."

"నవ్వనీ. ముసలమ్మ ఆ గదిలోనే పడుకుంటానంటోంది."

అని దిగడం మొదలుపెట్టాడు. కోస్మాస్ కోరుకున్నది అడక్కుండానే చేతికొచ్చింది. నోరు మూసుకుని ఉంటే చాలు. కానీ నిచ్చెన మీద ఒక్కో మెట్టే దిగుతున్న ఆ భుజాల్ని చూస్తుంటే కడుపులో మంట ఇంకా పెరిగింది. గొంతు అతనిది, లెక్క అతనిది, ఎత్తయిన గది అతనిది. ఇప్పుడు చెయ్యని తప్పుని కూడా టోపీ తీసినంత తేలిగ్గా ఒప్పుకోవడానికి పోతున్నాడు. తను మూడు రోజులుగా చెయ్యలేనిది అది. అది కూడా అతనికే వదిలెయ్యాలా?

"ఫోతిస్, ఆగు."

ఆగి తలెత్తాడు.

"వీధిగోడలో పై పట్టీ లేదు."

"మూలన కర్ర కనిపిస్తోందిగా."

"ముక్క అది. మూరెడు ముక్క."

ఫోతిస్ రెండు మెట్లు తిరిగి పైకెక్కాడు. "ఎందుకు?"

"చూడ్డానికి బాగుంటుందని."

"నాలుగు రోజుల్నుంచి నాకు రొట్టె ముక్క దిగలేదు బావా," అన్నాడు ఫోతిస్. నిచ్చెన దిగి వెళ్లిపోయాడు. తిట్టినా బాగుండేది.

మిల్తోస్‌కి చెప్పడానికి కోస్మాసే వెళ్లాడు. కాఫీ కొట్లో పదిమంది ఉన్నారు. బయటికి పిలిచి చెప్పొచ్చు, కానీ అక్కడే, అందరి ముందే చెప్పాడు. ఫోతిస్ అయితే అలాగే చెప్పేవాడన్న ఆలోచన అప్పుడు కూడా వదల్లేదు. మిల్తోస్ అరవలేదు. కాఫీ పూర్తిగా తాగి, పండక్కి ముందు ఇల్లు అందుతుందా అని మాత్రం అడిగాడు.

పలకలు దించారు. వాసాల కింద లోపలినుంచి పోటుకర్రలు పెట్టి కప్పుని నిలబెట్టారు. కోస్మాస్ తన చేత్తో చెక్కిన రాళ్లని తనే ఒక్కొక్కటిగా ఊడదీశాడు. వీధి వైపు గాల్లో నిలబడ్డ కప్పుని చూడ్డానికి జనం పోగయ్యారు. మిల్తోస్ తల్లి జున్ను రొట్టె తెచ్చి పనివాళ్లకి పంచుతూ, "గోడ లేకపోయినా నిలబడిందర్రా ఫోతిస్ కప్పు," అంది అందరికీ వినపడేలా. మోకాళ్ల దాకా సున్నంలో ఉన్న కోస్మాస్ విన్నాడు. పాత మంటే. ఇసుమంతైనా తగ్గలేదు.

పట్టీ ఇద్దరూ చెరో కొస పట్టుకుని దించారు. మూల దగ్గర ఫోతిస్ కోసిన గాడిలోకి కర్ర వచ్చి కూర్చుంది. కోస్మాస్ వంగి అతుకు చుట్టూ గోరు పెట్టి చూశాడు. నాలుగు పక్కలా చూశాడు. గోరు ఎక్కడా దూరలేదు.

"కొంచెం ఇటు జరగాలేమో," అన్నాడు.

"ఎందుకు?"

కోస్మాస్ ఇంకోసారి అతుకు చుట్టూ గోరు తిప్పాడు. "ఏం లేదు. చీల కొట్టు," అని కర్రని రెండు చేతులతో నొక్కి పట్టుకున్నాడు.