నిన్న రాని వాళ్ళు

"గడువు దగ్గర పడిన మందులు పైన రావాలి కదండీ! పదో తేదీవి పైకెక్కి కూర్చుంటున్నాయి, రెండో తేదీవి అడుక్కి పోతున్నాయి. తల ప్రాణం తోకకొస్తోంది," అని మందుల స్టోరు గుమాస్తా మొత్తుకుంటుంటే, ఫిల్టరమ్మ కళ్ళద్దాలు తుడుచుకుంటూ సగమే వింది. మిగతా సగం ఆమెకు తెలుసు. ఎవరో తేదీని తేదీగా కాకుండా మామూలు మాటలా టైపు చేసుంటారు. కంప్యూటరు వాటిని నిఘంటువులో మాటల్లా పేర్చేసింది. ఒకటితో మొదలయ్యే పది, రెండుకంటే ముందు నిలబడింది.

"దాని తప్పేం లేదు నాయనా. మనం చెప్పింది చెప్పినట్టు చేస్తుంది, అదే దాని జబ్బు," అంటూ ఆ నిలువు వరస మొత్తాన్నీ తేదీలుగా మార్చింది. రెండో తేదీ మందులు బుద్ధిగా పైకొచ్చాయి. గుమాస్తా హమ్మయ్య అనుకుంటూ మెట్లెక్కి పోయాడు.

ఆసుపత్రి రిపోర్టుల గది సగం నేలలో, సగం నేల మీద ఉంటుంది. ఒక పక్క దుప్పట్ల గది, ఇంకో పక్క మెట్లు. ఇస్త్రీ చేసిన గుడ్డల వెచ్చటి వాసన ఎప్పుడూ వస్తూనే ఉంటుంది. ఉన్న ఒక్క కిటికీ గోడ పైభాగాన, బయటి బాట మట్టానికి ఉంది కాబట్టి అందులోంచి మనుషులు కనబడరు, వాళ్ళ పాదాలు కనబడతాయి. కిడ్నీలు చెడి రక్తశుద్ధికి, అదే డయాలసిస్‌కి, వచ్చేవాళ్ళందరినీ ఫిల్టరమ్మ చెప్పులనుబట్టే గుర్తుపట్టేది. ఎవరికి నీరు పట్టిందో, ఎవరికి తగ్గిందో కూడా ఆ కిటికీయే చెప్పేది.

ఆమె పొట్టి మనిషి. నడుం దగ్గర దిండు, ముక్కు చివర కళ్ళద్దాలు, ఎప్పుడూ దేనికీ వాడని పెన్సిలొకటి జుట్టుముడిలో. రిపోర్టు తప్పొచ్చిందని ఎవరొచ్చి గగ్గోలు పెట్టినా ఆమె ముందడిగేది ఒక్కటే: "ఫిల్టర్ ఏం పెట్టారు?" అంటే కంప్యూటరును ఏవి చూపమన్నారు, ఏవి వదిలెయ్యమన్నారు అని. అలా అడిగీ అడిగీ ఆ పేరే ఖాయమైంది. పిలిచేవాళ్ళు మొదట్లో చాటుగా పిలిచేవారు. ఒకరోజు ఆమే ఫోనెత్తి, "ఫిల్టరమ్మని మాట్లాడుతున్నా," అనేసరికి ఇక చాటు అక్కర్లేకపోయింది.

గుమాస్తా వెళ్ళిన కాసేపటికి రక్తశుద్ధి విభాగం ఇన్‌ఛార్జి సిస్టరు రెండు టీ కప్పులతో దిగొచ్చింది. ఆవిడ ఇంత పొద్దున్నే టీ తేవడమే వింత.

"ఇవాళ మనకి పండగే ఫిల్టరమ్మ గారూ! కంప్యూటర్లో మీ రానివాళ్ళ టేబుల్లో ఒక్క పేరూ లేదు. నిన్న రావాల్సినవాళ్ళంతా వచ్చేశారు. డాక్టరుగారైతే నా చెయ్యి పట్టుకుని ఊపేశారు."

ఫిల్టరమ్మ కప్పు అందుకుంది గానీ తాగలేదు. రెండు గదుల అవతల పసివాడు ఉన్నట్టుండి చప్పుడు చెయ్యకపోతే తల్లికి ఎలా ఉంటుందో, ఆమెకు అలా ఉంది.

ఆ టేబుల్ ఆమె కట్టినదే. మామూలు రిపోర్టుల్లో వచ్చినవాళ్ళే ఉంటారు. వచ్చినవాడికి ఒక వరస పుడుతుంది. రానివాడికి వరసే ఉండదు, కాబట్టి వాడు రాలేదన్న సంగతి ఎంత వెతికినా దొరకదు. అందుకని ఆమె ఏడాదిలోని ప్రతి రోజుకీ ఒక వరస చొప్పున, ఎవరొచ్చినా రాకపోయినా సరే, విడిగా ఒక క్యాలెండర్ టేబుల్ చేసింది. ఏ రోజు ఏ వేళకి ఎవరు రావాలో దానికి తగిలించింది. అప్పుడు ఖాళీలు పేర్లతో సహా బయటపడ్డాయి. ప్రతి ఉదయం ఆ పేర్లకు నర్సులు ఫోన్లు చేస్తారు. రక్తశుద్ధి మానితే ఒంట్లో విషం పేరుకుంటుంది. ఒకసారి మానినవాణ్ణి అడగకపోతే రెండోసారీ మానేస్తాడు. ఆ తర్వాత అడిగే అవసరం ఉండదు.

ఇది ఆమెకు పుస్తకాల్లో తెలిసింది కాదు. ఆమె భర్త కాలిపోయిన మోటార్లకు రాగితీగ చుట్టేవాడు. మాటకారి, మొండివాడు. ఆ యంత్రం పక్కన గంటల తరబడి పడుకోవడం చేతకాక, ఒకరోజు వెళ్ళొచ్చానని ఇంట్లో అబద్ధం చెప్పి కొట్లో కూర్చున్నాడు. మర్నాడు ఫోన్ మోగింది. "అమ్మాయ్, మీ ఆయన నిన్న రాలేదు. కుర్చీ ఖాళీగా ఉంది. ఎక్కడున్నాడో చూడు." అప్పటి ఇన్‌ఛార్జి, అందరూ పెద్ద సిస్టరు అని పిలిచే ఆవిడ, అంతే చెప్పి పెట్టేసింది. ఫిల్టరమ్మ కొట్టుకెళ్ళి చూస్తే మొగుడు బల్లమీద తల పెట్టుకుని ఆయాసపడుతున్నాడు. ఆ తర్వాత అతను మళ్ళీ మానలేదు. కూతురు కాలేజీలో చేరడం చూశాడు, దాని మొదటి ఉద్యోగం చూశాడు, అల్లుడితో జోకులేశాడు. ఒక్క ఫోన్ కాల్ ఇచ్చిన సంవత్సరాలవి.

అతను పోయాక ఆమెకు ఇక్కడ ఉద్యోగం చూపించింది కూడా పెద్ద సిస్టరే. నలభై దాటాక కీబోర్డు ముందు కూర్చుని బిక్కమొహం వేస్తే, "కుట్టుపని నేర్చుకున్నావు కదా, ఇదీ అంతే. తప్పు కుడితే విప్పి కుట్టుకో," అని భుజం తట్టింది. రానివాళ్ళ పేర్లన్నీ ఆవిడ నోటికే వచ్చేవి. రిటైరయ్యే ముందు కిందికొచ్చి, "నా తలకాయ నాతోనే ఇంటికి వచ్చేస్తుంది. ఆ తర్వాత వీళ్ళని ఎవరడుగుతారే?" అంది. ఆ మాటకు పుట్టిందే ఈ టేబుల్. ఇన్నేళ్ళలో ఫిల్టరమ్మ ఆవిడకు నోరారా థాంక్స్ చెప్పింది లేదు. ఎదురుపడినప్పుడల్లా ఏదో ఒక పనిమాట అడ్డం వచ్చేది.

ఇప్పుడా పెద్ద సిస్టరుకే కిడ్నీలు పాడయ్యాయి. రోజు విడిచి రోజు సాయంత్రాలు, తాను నడిపిన విభాగంలోనే వచ్చి కూర్చుంటుంది. తెల్ల కాన్వాస్ బూట్లు వేసుకుంటుంది. నిన్న ఆవిడ వంతు. ఫిల్టరమ్మ కిటికీ వైపు చూసింది. నిన్న సాయంత్రం ఆ తెల్ల బూట్లు అటుగా వెళ్ళినట్టు లేదు.

"నిన్న పెద్ద సిస్టరు వచ్చారా?"

"వచ్చే ఉంటారు. సాయంత్రం నేను లేను. కుర్చీలన్నీ నిండాయన్నారు మరి."

"కుర్చీ నిండటం వేరు, మనిషి రావటం వేరు. ఖాళీ అయితే ఇంకొకర్ని కూర్చోబెట్టేస్తారు," అని ఫిల్టరమ్మ కంప్యూటరు వైపు తిరిగింది.

నిన్న రాత్రి కంప్యూటర్ల వాళ్ళు రిపోర్టులన్నిటినీ కొత్త సాఫ్ట్‌వేర్‌లోకి మార్చారు. అన్నీ పనిచేస్తున్నాయని సంతకం కూడా పెట్టించుకున్నారు. ఆమె తన టేబుల్ తెరిచి, అలవాటు చొప్పున ఫిల్టర్ చూసింది. నిన్నటి తేదీ నుంచి నిన్నటి తేదీ వరకు. పాత సాఫ్ట్‌వేర్‌లో అలా పెడితే నిన్న రోజంతా అని అర్థం. కొత్తది ప్రతి తేదీకీ గడియారం కూడా చూస్తుంది. సమయం చెప్పకపోతే అర్ధరాత్రి, అంటే ఆ రోజు మొదలైన క్షణం అనుకుంటుంది. కాబట్టి నిన్న అనే రోజు మొదలైన చోటే ముగిసిపోయింది. ఆ క్షణంలో రావలసినవాళ్ళు ఎవరుంటారు? టేబుల్ ఖాళీ. అందరూ వచ్చారని కాదు, కంప్యూటరు ఎవరినీ వెతకనే లేదు.

ఆమె నిన్నటి తేదీ మొదలు, ఇవాళ్టి తేదీ మొదలవకముందు వరకు అని ఫిల్టర్ మార్చింది. టేబుల్ ఒక్కసారి రెప్ప వేసి తెరిచినట్టయింది. మూడు పేర్లు వచ్చాయి. బడి బస్సు డ్రైవరు. కవలల తల్లి. పెద్ద సిస్టరు.

ఇన్‌ఛార్జి సిస్టరు టీ కప్పు అక్కడే వదిలి ఫోనందుకుంది. డ్రైవరు మొదటి రింగుకే ఎత్తి, "నిన్న బస్సు చెడిపోయిందమ్మా, ఎవరూ అడగలేదు కదా అని..." అంటూ నసిగాడు. వెంటనే బయలుదేరమంటే బయలుదేరాడు. కవలల తల్లికి పిల్లలిద్దరికీ జ్వరం. చెల్లెలికి అప్పగించి వస్తానంది. పెద్ద సిస్టరు ఇంట్లో ఫోన్ మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేస్తే మళ్ళీ అంతే.

దుప్పట్లు ఉతుక్కి తీసుకెళ్ళే వ్యాను అటువైపే పోతుందని తెలిసి ఫిల్టరమ్మ దానిలో ఎక్కింది. దారిపొడుగునా ఆమెకు ఒక్కటే ఆలోచన. నా మొగుణ్ణి వెతికినావిడ, నా టేబుల్లోంచే జారిపోతే నేనెందుకు? వ్యాను నడిపే అతను ఆమె ముఖం చూసి రేడియో ఆపేశాడు.

బూట్లు బాగుచేసే కొట్టుకి పైన రెండు గదుల ఇల్లు. తలుపు తీసిన మేనకోడలు పెదవి మీద వేలు పెట్టింది. "ఫోన్ శబ్దం తగ్గించాను ఆంటీ, నిద్ర చెడుతుందని. రండి, ఇప్పుడే లేచింది."

పెద్ద సిస్టరు కిటికీ పక్క మంచంలో ఉంది. పాదాల కింద దిండు. ముఖం ఉబ్బి, కళ్ళు చిన్నవయ్యాయి గానీ చూపులో పాత పదును అలాగే ఉంది.

"వచ్చావా! పొద్దుటినుంచీ చూస్తున్నా."

"పదండి సిస్టర్. కింద వ్యాను ఉంది. దుప్పట్ల వ్యానే, ఏమనుకోకండి."

"నేను రానే. మానేశాను. గుండె డాక్టరుతో మాట్లాడే మానేశాను. గుండె ఇక ఆ యంత్రాన్ని తట్టుకోలేదన్నాడు, నాకూ తెలుస్తూనే ఉంది. మిగిలిన నాలుగు రోజులూ నా కిటికీ దగ్గర ఉంటాను."

ఫిల్టరమ్మ మంచం పక్క కుర్చీలో కూలబడింది. మేనకోడలు వంటగదిలోకి వెళ్ళిపోయింది.

"మరి ఆయన రక్తశుద్ధి విభాగానికి చెప్పలేదే?"

"నేనే చెప్పొద్దన్నాను. చెప్తే నా పేరు తీసేస్తారు. తీసేస్తే మీరు ఫోన్ చెయ్యరు." ఆవిడ పిల్లలా నవ్వింది. "నా ఉద్యోగమంతా నిన్న ఎందుకు రాలేదని జనాన్ని అడిగాను. నన్ను ఒక్కరైనా అడుగుతారా లేదా అని చూద్దామనిపించింది. సిగ్గులేని కోరిక, ఏం చేస్తాం."

ఫిల్టరమ్మకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. తన టేబుల్ ఖాళీగా రావడం, ఫిల్టర్ అర్ధరాత్రి దగ్గర ఆగిపోవడం అంతా దాచకుండా చెప్పేసింది. "ఇంకాస్తయితే మిమ్మల్ని అడిగేవాళ్ళమే కాదు."

"అడిగావుగా. ఒక పూట అటూ ఇటూ. మీ ఆయనకి నేను చేసిన ఫోను కూడా ఆలస్యమే తెలుసా? ఆ ముందురోజు సాయంత్రమే చెయ్యాల్సింది. ఇంటికెళ్ళే బస్సు తప్పుతుందని పొద్దున్న చేశాను."

"ఆ ఫోన్ వల్లే ఆయన నాకు మిగిలారు." ఈసారి ఫిల్టరమ్మ ఏ పనిమాటనూ అడ్డం రానివ్వలేదు. పెద్ద సిస్టరు చేతిని రెండు చేతుల్లోకి తీసుకుంది. "నా కూతురికి తండ్రి మిగిలాడు. నాకీ ఉద్యోగం, ఈ అన్నం, ఈ బుద్ధి అన్నీ మీరు పెట్టినవే. ఇన్నాళ్ళూ చెప్పలేదు. మీ మేలు మర్చిపోలేదు సిస్టర్."

"మర్చిపోతే వ్యానెక్కి వస్తావా," అంది పెద్ద సిస్టరు. కళ్ళు మూసుకుంది గానీ చెయ్యి వెనక్కి తీసుకోలేదు. నిద్ర పట్టేదాకా ఫిల్టరమ్మ అలాగే కూర్చుంది. కిందినుంచి బూటుకి మేకులు కొట్టే చప్పుడు వినిపిస్తూనే ఉంది.

ఆమె తిరిగొచ్చేసరికి బస్సు డ్రైవరు యంత్రం పక్కన గురకపెడుతున్నాడు. కవలల తల్లి ఫోన్లో చెల్లెలికి మందు ఎంత పోయాలో చెబుతోంది. ఫిల్టరమ్మ కాసేపు గుమ్మంలో నిలబడి వాళ్ళను చూసింది. ఎవరో చూసి చెప్పారు కాబట్టి ఇద్దరూ ఇక్కడున్నారు. కడుపు నిండినట్టయింది. కిందికెళ్ళి సాయంత్రం దాకా ఆసుపత్రిలో ఉన్న ప్రతి రిపోర్టూ తెరిచి, తేదీల ఫిల్టర్లన్నీ ఒక్కొక్కటే సరిచేసింది.

ఆ వారం దాటకముందే పెద్ద సిస్టరు నిద్రలోనే వెళ్ళిపోయింది. మేనకోడలు ఫోన్ చేసి, "బాధపడలేదు ఆంటీ," అంది.

మర్నాడు పొద్దున్న టేబుల్లో పెద్ద సిస్టరు పేరొక్కటే ఉంది. ఫిల్టర్ తప్పు లేదు. ప్రతి మనిషి వివరాల చివర, ఇక రారు అని తెలిపే ముగింపు తేదీ అనే గడి ఒకటుంటుంది. అది నింపకపోతే కంప్యూటరు ఆ మనిషిని తన వంతు వచ్చినప్పుడల్లా వెతుకుతూనే ఉంటుంది. నింపాల్సింది ఫిల్టరమ్మే. ఆమె ఆ పేరును చాలాసేపు చూసింది. ఇన్‌ఛార్జి సిస్టరుకు ఫోన్ చేసి, "ఇవాళ్టికి ఉండనివ్వండి. ఒక్కరోజు ఆవిడ ఎందుకు రాలేదని అడగనివ్వండి నన్ను," అంది. అవతలినుంచి, "ఉండనివ్వండమ్మా," అని వినిపించింది.

సాయంత్రం ఇంటికి వెళ్ళేముందు ఆ గడిలో తేదీ వేసి, సరిగ్గా తేదీగానే పడిందో లేదో చూసుకుని, పైకి వెళ్ళింది. కిటికీ పక్క, పెద్ద సిస్టరు కూర్చునే కుర్చీలో అప్పుడే కొత్త మనిషినెవరినో కూర్చోబెడుతున్నారు. కుర్చీకున్న చిన్న సొరుగు ఖాళీ చెయ్యమని ఇన్‌ఛార్జి సిస్టరు సైగ చేసింది. లోపల ఉన్నది, సూది వేసే చేతికి బలం రావాలని ఆవిడ పిసుకుతూ ఉండే పసుపు రబ్బరు బంతి ఒక్కటే. నాలుగు వేళ్ళూ పడే చోట రంగుపోయి, బొటనవేలు ఆనే చోట చిన్న గుంట పడి ఉంది.